నిలురాళ్ళ దగ్గర మొదలయ్యే పాఠం

మక్తల్ దాటి కృష్ణా నది వైపు సాగితే, నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో ముడుమాల్ వస్తుంది. నది ఒడ్డున సుమారు 80 ఎకరాల మేర నిలబెట్టిన రాళ్ళ మధ్య నడుస్తుంటే నాకు బలపడిన అభిప్రాయం ఒకటే: హైస్కూలు పిల్లలకు ప్రాచీన నాగరికత పాఠాన్ని నిర్వచనంతో కాదు, వాళ్ళు తమ కళ్ళతో తేల్చుకోగల ప్రశ్నతో మొదలుపెట్టాలి. పెద్ద రాళ్ళు 10 నుంచి 14 అడుగుల ఎత్తుంటాయి. చుట్టూ చిన్న రాళ్ళ వరసలు. ఊరివాళ్ళకు ఇది నిలురాళ్ళ తిమ్మప్ప చోటు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరిన ఈ చోటు పక్క బడి పిల్లలకు ముందే పరిచయం. ఆ రాళ్ళను ఎవరు, ఎందుకు నిలబెట్టారన్నదే వాళ్ళను ఎవరూ అడగరు.

ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలమని, రాళ్ళ వరసలు సూర్యుడి రాకపోకలకు గుర్తులని పరిశోధకులు చెబుతున్నారు. ఇది రుజువైన మాట కాదు, ఎక్కువ చేసి చెప్పకూడదని ఎవరైనా అంటే, నిజమే. బృహత్ శిలలకు సమాధులతో సంబంధం ఉండడం దక్కనంతటా కనిపిస్తుంది. అందుకే దీన్ని జవాబుగా ఇవ్వొద్దు, పరీక్షకు పెట్టాలి. బడి ఆవరణలో ఒక మీటరు కర్ర నిలువుగా పాతండి. జూన్‌లో బడులు తెరిచేనాటికి మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, సెప్టెంబరులో ఉత్తరానికి. నడుమ, ఆగస్టు మొదటి పక్షంలో, నీడ దాదాపు మాయమయ్యే రోజొకటి వస్తుంది. చూడవలసింది గడియారంలో పన్నెండు కాదు, నీడ అతి పొట్టిగా ఉండే క్షణం. మన దగ్గర అది పన్నెండు దాటి ఇరవై నిమిషాలకు కాస్త అటూఇటూగా వస్తుంది. వానాకాలపు మబ్బు కొన్ని రోజులు చెడగొడుతుంది, అయినా చాలు. గడియారం లేనివాళ్ళు ఈ మార్పును పట్టుకోగలరా అన్న ప్రశ్న పిల్లల నోటే వస్తుంది.

హరప్పా అసలు నాగరికత, దానికి నగరాలున్నాయి, ముడుమాల్‌కు లేవు గదా అన్న ఆక్షేపణ బలమైనదే. కానీ హరప్పా లిపిని ఈనాటికీ చదవలేకపోతున్నాం; అక్కడా మనకు మాట్లాడేవి వస్తువులే. వస్తువు నుంచి మనిషిని ఊహించే అలవాటు ఇక్కడ పడితే మొహెంజోదారో మురుగుకాల్వ పటం బొమ్మగా మిగలదు. నల్లగొండ వైపు ఉపాధ్యాయుడికి ఫణిగిరి ఉంది: 2024లో అక్కడ ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. కుండ పాతిపెట్టినవాడు ఎందుకు తిరిగి రాలేదని అడిగితే ఇక్ష్వాకుల పాలన, వర్తకం, బౌద్ధ విహారాల బతుకు అన్నీ దాని వెంటే వస్తాయి. సిలబస్ పూర్తికాదన్న బెంగ న్యాయమైనదే. అయితే దీనికి కావలసింది ఒక్క పీరియడు, వారానికొకసారి రెండు నిమిషాల నీడ కొలత. ఆ కొలతల పట్టిక సైన్సు, గణితం మాస్టార్లకూ పనికొస్తుంది.