ఆఖరి ర్యాంకుల పుస్తకము

ఈ నెల మేము వ్రాస్తున్నది మా స్వంత పొరపాటును గూర్చి. డాక్టరు చదువు కొరకు బిడ్డలను కష్టపడి చదివిస్తున్న కుటుంబములు మన పల్లెటూరి సంఘములలో ఇప్పుడు చాలా ఉన్నవి. వారిలో ఒక్కరికైనా అక్కరకు వస్తుందని, సిగ్గుపడుతూనే వ్రాస్తున్నాము.

2025 జూన్ 14న నీట్ ఫలితాలు వచ్చాయి. ఆ రోజు శనివారము. మరునాడు ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ సభ్యుడైన ఒక సహోదరుడు భార్యను, కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మాది కనిగిరి వైపు మెట్ట ప్రాంతము. ఆ దంపతులు పొగాకు పనికి, మిరప కోతలకు కూలికి వెళ్ళి కొడుకును చదివించారు. పదవ తరగతి వరకు మా మండలములోనే చదివిన ఆ అబ్బాయి ఇంటర్మీడియట్ నెల్లూరులో చదివాడు. తండ్రి చేతిలో ఒక పుస్తకము ఉంది. నెట్ సెంటరులో ఎవరి దగ్గరో ఉన్నదానిని జిరాక్సు తీయించి, స్పైరల్ వేయించి తెచ్చాడు.

"అయ్యగారూ, ఏ కాలేజీలో ఎంతవరకు సీటు వచ్చిందో దీంట్లో అంతా ఉందంట. మీరు చూసి చెప్పండి. మావోడికి వచ్చిద్దా, రాదా?"

ఆ పుస్తకము ఎట్లుండునో చూడనివారి కొరకు చెబుతాము. ఎడమ వైపు కాలేజీల పేర్లు. పైన అడ్డముగా ఓ.సి., బి.సి.లో ఎ, బి, సి, డి, ఇ, ఎస్.సి., ఎస్.టి. అని గడులు. ప్రతి గడిలో ఆ కాలేజీలో ఆ కోటా క్రింద అందరికంటె చివర సీటు పొందిన విద్యార్థి మార్కులు, ర్యాంకు. విశ్వవిద్యాలయము వారు విడుదల చేసే సీట్ల కేటాయింపు జాబితాలను ముందు పెట్టుకొని ఇటువంటి పట్టికలు తయారు చేస్తారు. మార్కులు పెద్ద అక్షరాలతో, ర్యాంకు వాటి క్రింద చిన్న అక్షరాలతో ఉన్నవి.

అబ్బాయికి నాలుగు వందలు దాటి మార్కులు వచ్చాయి. మేము కళ్ళద్దాలు పెట్టుకొని, పెన్సిలు తీసుకొని, ఒక్కొక్క కాలేజీ దగ్గర వేలు పెట్టి చూశాము. ఎక్కడ చూసినా అబ్బాయికంటె వందకు దగ్గరగా ఎక్కువ మార్కులే కనబడ్డాయి. చూసిన ప్రతి పేరును పెన్సిలుతో కొట్టివేశాము. రెండు పేజీలు అయ్యేసరికి మిగిలిన పేరు లేదు. "ఈ సంవత్సరము కష్టమే" అని చెప్పాము. తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. అబ్బాయి మాత్రము ఏమీ మాట్లాడక గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాడు. వచ్చే సంవత్సరము దేవుడు ద్వారము తెరుస్తాడని ప్రార్థన చేసి పంపివేశాము. చదవడము రానిది మాకు, ప్రార్థన మాత్రము వచ్చే సంవత్సరము కొరకు!

ఆ వారములోనే తండ్రి పట్టణానికి వెళ్ళి, లాంగ్ టర్మ్ కోచింగుకని ముప్పై వేల రూపాయలు అడ్వాన్సు కట్టి వచ్చాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు అది. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చొని లెక్క చూసుకోవలెనన్న ఉపమానము మీద మేము అంతకు రెండు వారముల క్రిందటనే ప్రసంగము చేసియున్నాము.

తరువాత కొన్ని దినములకు మా ఊరిలో ఒక జ్ఞాపకార్థ కూటము జరిగింది. దానికి వచ్చిన బంధువులలో ఒక జూనియర్ కాలేజీ జువాలజీ లెక్చరరు ఉన్నాడు. భోజనముల తరువాత మా వరండాలో కూర్చొని, బల్లమీద ఉన్న పుస్తకము తిరగవేసి, "అయ్యగారూ, ఇది ఏ సంవత్సరానిది?" అని అడిగాడు. మేము అప్పటివరకు చూడలేదు. 2024ది.

అతడు నవ్వలేదు, అందుకు మేము కృతజ్ఞులము. 2024లో పూర్తి 720 మార్కులు తెచ్చుకొన్నవారు మొదట 67 మంది. ఫలితాలు సవరించిన తరువాత 17 మంది. 2025లో ప్రశ్నపత్రము చాలా కఠినము, దేశమంతటికీ మొదటివాడికి వచ్చినవే 686. మార్కులన్నీ క్రిందికి దిగిపోయినవి. అయితే పరీక్ష వ్రాసినవారి సంఖ్య అంతగా మారలేదు: 2024లో 23 లక్షల పైచిలుకు, 2025లో 22 లక్షల పైచిలుకు. కనుక ఒక సంవత్సరము మార్కులను మరొక సంవత్సరము మార్కులతో పోల్చరాదు, ర్యాంకును ర్యాంకుతోనే చూడవలెను అన్నాడు. కొలకుండ మారిపోయిన తరువాత పాత కుండ లెక్కన వడ్లు కొలిచినట్లయింది మా పని. అబ్బాయి ర్యాంకు చీటీ తెప్పించి క్రింది చిన్న అక్షరాలతో పోల్చి చూస్తే, మేము కొట్టివేసిన పేర్లలో నాలుగైదు అందుబాటులోనే ఉన్నట్లు కనబడినవి.

పొరపాటు అంతటితో ఆగలేదు. ఇంటర్ నెల్లూరులో చదివాడు గనుక అబ్బాయి ఎస్.వి.యు. ప్రాంతపు లోకల్ అనుకొని మేము ఆ పేజీలు చూశాము. రాయలసీమ జిల్లాలు, నెల్లూరు ఆ ప్రాంతము క్రింద వస్తాయి. ప్రకాశము నుండి శ్రీకాకుళము వరకు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతము. సీట్లలో 85 శాతము లోకల్ వారికి. ఇంటరు పూర్తయిన సంవత్సరమునుండి వెనుకకు వరుసగా నాలుగేండ్లు ఒకే ప్రాంతములో చదివితే అక్కడి లోకల్. అట్లు లేనప్పుడు ఆఖరి ఏడేండ్లలో ఎక్కువ ఎక్కడ చదివితే అక్కడి లోకల్. ఆరు నుండి పది వరకు అయిదేండ్లు మా మండలములో, రెండేండ్లు నెల్లూరులో. అంటే మా అబ్బాయి ఏ.యు. లోకల్. స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకొని లెక్కపెట్టుకొంటే తెలిసిపోయే సంగతి.

ఇక కులము గడి. ఇది మన సంఘములలో గట్టిగా మాట్లాడుకొనని విషయము. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు, వారి పిల్లలు మన రాష్ట్రములో బి.సి.-సి గుంపులోనికి వస్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులకు ఎస్.సి. హోదా లేదు. ఎస్.సి.కి 15 శాతము, బి.సి.-సికి ఒక్క శాతము. ఈ కుటుంబము దగ్గర ఉన్నది బి.సి.-సి పత్రమే. బంధువొకడు వచ్చి, "ఎంతమంది తీసుకోవడం లేదు, ఎస్.సి. పత్రం తీసుకోండి" అని ఒత్తిడి చేశాడు. తప్పుడు కుల పత్రముతో సీటు పొందితే 1993 చట్టము క్రింద సీటు పోవడమే గాక శిక్ష కూడా ఉన్నదని లెక్చరరు చెప్పాడు. మేమేదో చెప్పబోతుండగా తండ్రే అన్నాడు: "బాప్తిస్మం అందరి ముందు చెరువులో తీసుకున్నాను అయ్యగారూ. ఇప్పుడు కాగితంలో దాచేది ఏముంది?" పాస్టరుగా మేము చెప్పవలసిన మాట అతడే చెప్పాడు. అయినా ఒక్క శాతము భారము ఆ అబ్బాయి మీద పడుచున్నదని మేము ఎరుగుదుము, దానిని తేలికగా మాట్లాడలేము.

ఆ ఒక్క శాతములో ఇంకొక సంగతి ఉంది. నూట యాభై సీట్ల ప్రభుత్వ కాలేజీలో అఖిల భారత కోటా 15 శాతము పోగా మిగిలినదానిలో బి.సి.-సికి వచ్చేది ఒక సీటు. కాబట్టి ఆ గడిలో ఉన్న ఆఖరి ర్యాంకు ఒకే ఒక బిడ్డది. ఆ సంవత్సరము బాగా చదివిన బిడ్డ ఆ కాలేజీ కోరుకొంటే అంకె ఒక తీరుగా, మరుసటి సంవత్సరము అటువంటి బిడ్డ ఓపెన్‌లోనే సీటు తీసుకొంటే మరొక తీరుగా ఉంటుంది. ఓ.సి. గడిలోని అంకె వెనుక చాలామంది ఉంటారు గనుక అది అంతగా ఊగదు. మా గడిని చూసి ఏమీ రూఢిగా చెప్పలేము. ఎస్.సి. వారికి కూడా పాత పుస్తకము సరిపోలేదు: 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్డినెన్సు వారి 15 శాతమును 1, 6.5, 7.5 చొప్పున మూడు గుంపులు చేసింది, 2024 పుస్తకములో వారికి ఉన్నది ఒకే గడి. 2023కు ముందటి పుస్తకములైతే విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాల ప్రభుత్వ కాలేజీల పేర్లే చూపవు, అవి ఆ సంవత్సరమే ప్రారంభమైనవి.

వెల్లూరు సి.ఎం.సి. సంగతి ఎందుకు చూడలేదని కొందరు అడుగుతారు. అక్కడ సంఘముల సిఫారసు మీద వచ్చే సీట్లకు మన రాష్ట్రపు పట్టికలు పనికిరావు. నీట్ వ్రాయడమే గాక, సంఘము ముందుగా బిడ్డను ప్రతిపాదించవలెను. చదువైన తరువాత కొంతకాలము మిషను ఆసుపత్రిలో పనిచేసే షరతు కూడా ఉంది. మేము విచారించే సరికి గడువు దాటిపోయింది. అది కూడా మా లెక్కలోనిదే.

ఆప్షన్లు పెట్టే దినమున నెట్ సెంటరులో మేమూ కూర్చున్నాము. మాలో పాత అలవాటు పోలేదు. దొరకని కాలేజీలు ముందు వ్రాసి ఉన్న అవకాశము పాడు చేసుకోవడమెందుకని అన్నాము. లెక్చరరు ఫోనులో ఓపికగా చెప్పాడు. కంప్యూటరు ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినే పిలుస్తుంది. అబ్బాయి వంతు వచ్చినప్పుడు అతడు మొదట వ్రాసిన కాలేజీలో సీటు మిగిలిందా అని చూస్తుంది, లేకపోతే రెండవది, తరువాత మూడవది. పైన పెద్ద కాలేజీ వ్రాసినందువలన క్రిందిది పోదు. వ్రాయనిది మాత్రము ఎన్నటికీ రాదు. మేము కొట్టివేసిన పేర్లన్నీ అబ్బాయి తనకు ఇష్టమైన వరుసలో తిరిగి వ్రాశాడు.

మొదటి విడత జాబితాలో పేరు లేదు. ఆ సాయంత్రము తండ్రి మా గుమ్మము వరకు వచ్చి, లోపలికి రాకుండా, "లేదంట అయ్యగారూ" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పుస్తకము మళ్ళీ తీసి చూస్తే మేము చదివినవి మొదటి విడత పట్టికలని తెలిసింది. చివరి విడత పట్టికలు వెనుక పేజీలలో ఉన్నవి. ముందు వరుసలోనివారు అఖిల భారత కోటాలోనో, ఎయిమ్స్‌లోనో చేరి వెళ్ళిపోతారు. కొందరు ఇంకా మంచి కాలేజీకి జరుగుతారు. వారు వదిలిన సీట్లు క్రిందివారికి దిగుతాయి. వెనుక పేజీలలో ర్యాంకులు ఎంతో దూరము పోయినవి.

రెండవ విడతలోనూ రాలేదు. మూడవ విడతలో వచ్చింది. ఉత్తరాంధ్ర వైపు ఒక ప్రభుత్వ కాలేజీ, మా ఊరినుండి రాత్రంతా ప్రయాణము. పుస్తకములో ఆ పేరు మీద మా పెన్సిలు గీత ఉంది. రబ్బరుతో చెరిపినా కాగితము మీద చార పోలేదు.

కోచింగు వారు అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. రెండుసార్లు వెళ్ళి అడిగాము. కట్టిన డబ్బు వాపసు లేదని రసీదు వెనుక అచ్చు వేసి ఉన్నదట. స్త్రీల సమాజము వారు కొంత పోగు చేశారు, మేము కొంత వేశాము, వడ్డీతో సహా ఆ అప్పు క్రిస్మసుకు ముందు తీరింది. ఆ సహోదరుడు ఈ విషయము ఒక్కసారి కూడా మా ముందు ఎత్తలేదు. ఎత్తియుంటే మాకు కొంచెము తేలికగా ఉండేది.

ఆ స్పైరల్ పుస్తకము అట్ట మీద 2024 అని పెద్ద అంకెలు వేసి మా బల్లమీదనే ఉంచాము. మొన్న ఆదివారము ఇంటరు చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి దానిని అడిగింది. చేతికిస్తే ముందు అట్ట చూసింది. "2025ది లేదా అయ్యగారూ?" అన్నది. ఉంది. ఆ అబ్బాయే హాస్టలు నుండి పంపాడు.