ఆఖరి బస్సు ఎన్నింటికి?

మా అత్తగారు నన్ను ‘కొలువుల పేరయ్య’ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. పెళ్ళిళ్ళ పేరయ్యకున్నట్టే నాకూ ఒక సంచీ ఉంది. అందులో పిల్లల ఫోటోలు, టెన్త్ మెమోలు, ఆధార్ జిరాక్సులు. పొద్దున లేస్తే ఇటువాళ్ళకో ఫోను, అటువాళ్ళకో ఫోను. మా పిల్ల చురుకైందని వీళ్ళతో, మీ కంపెనీ మంచిదని వాళ్ళతో చెప్పడం. నా గుర్తింపు కార్డు మీద మాత్రం ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అని ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే శిక్షణ కేంద్రంలో 2008 నుంచి ఇదే పని. బస్తీల్లో పది పాసై, ఇంటర్ మధ్యలో ఆపేసి ఇంట్లో కూర్చున్న పిల్లల్ని వెతికి తెస్తాం. షాపుల్లో అమ్మకాలు, బిల్లింగ్, డేటా ఎంట్రీ, ఆస్పత్రిలో రోగుల సంరక్షణ లాంటివి మూడు నెలలు నేర్పిస్తాం. తర్వాత ఎక్కడో ఒకచోట చేర్పిస్తాం.

మొదటి నాలుగేళ్ళూ నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను. మా ఆఫీసు గోడకి ఒక చార్టు ఉండేది. ఆఫర్ లెటర్ వచ్చిన ప్రతి పేరు పక్కనా ఒక స్టార్ అంటించేవాళ్ళం. బ్యాచ్‌లో ముప్పై మంది ఉంటే పాతికకి తగ్గకుండా నా స్టార్లు మెరిసేవి.

2012 ఎండాకాలంలో అడ్డగుట్ట, బౌద్ధనగర్ అమ్మాయిలు తొమ్మిది మందిని కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద బట్టల దుకాణంలో చేర్చాను. అందరికీ ఒకేచోట ఉద్యోగం, యూనిఫాం, మధ్యాహ్నం క్యాంటీన్. తల్లులు మిఠాయి పెట్టారు. పదిహేడో రోజుకి ఒక్కరు కూడా పనిలో లేరు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా ‘కడుపునొప్పి మేడమ్’ అంటారు. దుకాణం మేనేజరు నా మీద అరిచాడు. మా మీటింగులో ‘ఈ పిల్లలకి కమిట్‌మెంట్ లేదు’ అన్నారు, నేనూ తలూపాను. ఆ నెల రిపోర్టులో తొమ్మిది ప్లేస్‌మెంట్లూ ఉన్నాయి. ఎందుకంటే ఆఫర్ లెటర్లున్నాయి కదా.

అడ్డగుట్టలో ఒకమ్మాయి తల్లి వంటపాత్రలు తోముతూ, తల కూడా ఎత్తకుండా ఒకటే మాటంది. “పొద్దుందాక మంచిగనే ఉంటది మేడమ్. రాత్రి గా టైముకు ఒక్క దినం మీరు పోయి సూడుండ్రి.”

వెళ్ళాను. దుకాణం షట్టర్ తొమ్మిదిన్నరకి సగం దించారు. మడత విప్పిన చీరలన్నీ మడిచి ర్యాకుల్లో పెట్టాలి, స్టాకు లెక్క చూడాలి. ఆ తర్వాత వెనక గేటు దగ్గర వరసలో నిలబడితే ఒక్కొక్కరి బ్యాగూ తెరిచి చూసి వదులుతారు. ఆ వరసలో నిలబడిన సేపటికి జీతం లేదని వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి పది దాటి ఇరవై నిమిషాలు. బస్సు వచ్చి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగేసరికి పదకొండున్నర కావొస్తోంది. అక్కడి నుంచి అడ్డగుట్టకి ఆటోవాడు అడిగిందే రేటు. ఆ రోజు నా చేతిలో డబ్బుంది కాబట్టి ఇచ్చాను. దారంతా లెక్క వేసుకున్నాను. ఆ ఆటో ఖర్చే నెలంతా పెడితే ఆ పిల్లల జీతంలో సగానికి పైగా పోతుంది. ఇక బస్తీ మొదట్లో కూర్చుని ‘ఇంత రాత్రి ఎక్కణ్ణించి?’ అని ఆరా తీసే పెద్దమనుషుల సంగతి సరేసరి.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి ఆ తొమ్మిది స్టార్లూ గోరుతో గీకేశాను. సగం సగం ఊడి చార్టు ఇంకా అసహ్యంగా తయారైంది.

అప్పటి నుంచి నాకో నియమం. కొత్త కంపెనీ ఏదైనా సరే, పిల్లల్ని పంపడానికి ముందు నేనే షిఫ్టు వేళకి బస్తీ నుంచి బయల్దేరి వెళ్తాను. షిఫ్టు వదిలే వేళకి మళ్ళీ బస్తీకి వస్తాను. సంచీలో ఫోటోలతో పాటు ఒక నోటుబుక్కు చేరింది. అందులో కంపెనీ పేరుకి ఎదురుగా జీతం ఉండదు. ఆఖరి బస్సు ఎన్నింటికి, దిగాక ఎంత నడవాలి, ఆ దారిలో దీపాలున్నాయా, వైన్ షాపు ఉందా. ఇవే ఉంటాయి. మా కొత్త కుర్రాళ్ళు దీన్ని మేడమ్ గారి బస్సు పంచాంగం అంటారు.

సెట్విన్ అని విని ఉంటారు. జంటనగరాల్లో నిరుద్యోగుల కోసం 1978లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. శిక్షణ కేంద్రాలు చాలానే నడిపింది. అయినా పాత నగరవాసికి సెట్విన్ అనగానే గుర్తొచ్చేది గల్లీల్లోకి దూరి వెళ్ళే చిన్న బస్సు. ఉపాధి సంస్థకి బస్సులతో పనేమిటని కొత్తలో నవ్వుకున్నాను. బస్సు నడిపేవాడికి ఉపాధి అన్నది వాళ్ళ లెక్క. నాకు మాత్రం ఆ బస్సెక్కి పనికి వెళ్ళినవాళ్ళు కనిపిస్తారు.

నగరంలో ఉద్యోగాలు పుట్టేది ఒకవైపు, వాటి కోసం చూసేవాళ్ళు ఉండేది ఇంకోవైపు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి కొత్త పని అంతా పడమటికే జరిగింది. ఐటీ ఉద్యోగాలే కాదు, వాటి వెంట వచ్చే క్యాంటీను, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, మాల్, ఆస్పత్రి అన్నీ అటే. మెట్రో 2017 నవంబర్‌లో మొదలై, 2019లో రాయదుర్గం దాకా వెళ్ళింది. పాతబస్తీకి మాత్రం రాలేదు. జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్ళాల్సిన లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లకి శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో. షాహీన్‌నగర్ నుంచి గచ్చిబౌలికి ఒకసారి పరీక్షగా వెళ్ళాను. చాంద్రాయణగుట్ట దాకా షేర్ ఆటో, అఫ్జల్‌గంజ్ దాకా బస్సు, ఎంజీబీఎస్‌లో మెట్రో, అమీర్‌పేటలో మారడం, రాయదుర్గంలో దిగి మళ్ళీ షేర్ ఆటో. రెండు గంటల పైమాటే. ఆఫీసుకి చేరాక నాకే కాసేపు కూర్చోవాలనిపించింది. అక్కడ పనిలో చేరే పిల్ల మాత్రం అప్పటి నుంచి తొమ్మిది గంటలు నిలబడాలి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు చట్టంలోకి ఎక్కింది. ఈ మాట మేనేజర్ల దగ్గర ఎత్తితే ‘మనది కేరళ కాదు కదా మేడమ్’ అంటారు.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఈ పదిహేడేళ్ళలో నా పనిని అంతగా మార్చింది మరొకటి లేదు. దాని మీద వచ్చిన జోకులు నేనూ విన్నాను. ఊరికే తిరుగుతున్నారన్నారు. తిరగనీయండి. అంతకుముందు బస్తీలో కూర్చుని ఉద్యోగం మాట ఎత్తితే తల్లుల మొదటి ప్రశ్న ‘కిరాయి ఎంతయితది?’ దగ్గర్లో అయితే పంపిస్తాం, లేకపోతే లేదు. దగ్గర్లో ఉండేవేమో ఇళ్ళలో పాచిపనులు. ఇప్పుడు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. నా నోటుబుక్కులో అమ్మాయిలకి దారులు రెండింతలయ్యాయి. అయితే బస్సులో జనమూ అలాగే పెరిగారు. రెండు బస్సులు ఆగకుండా పోతే వేలిముద్ర ఆలస్యంగా పడుతుంది, సగం రోజు జీతం కోత. రాత్రి పది తర్వాత సంగతి మాత్రం ఉన్నచోటే ఉంది. టికెట్ ఉచితమే, బస్సే రాదు.

దారి సరిపోయాక జీతం. కంపెనీవాళ్ళు సీటీసీ 15,000 అంటారు. పిల్లలు ఇంటికి వెళ్ళి పదిహేను వేలని చెప్పేస్తారు. నేను బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. ఆ పదిహేనులో కంపెనీ కట్టే పీఎఫ్, 3.25 శాతం ఈఎస్ఐ కూడా కలిపేసి ఉంటాయి. అవి తీసేశాక మిగిలినదాంట్లో మళ్ళీ మన వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం పోతాయి. మొత్తం బేసిక్ కింద వేస్తే చేతికొచ్చేది పదకొండున్నర వేలు కూడా దాటదు. ఈ లెక్క చూపిస్తే పిల్లలు జారిపోతారని మా పైవాళ్ళ భయం. ముందే చూపిస్తే జారిపోయేవాళ్ళు ఒకరిద్దరు. మొదటి జీతం రోజున చూసుకుంటే, మోసపోయామని మానేసేవాళ్ళు సగం మంది.

ఆ మొదటి జీతం దాకా బతకడం ఇంకో కథ. ఒకటో తారీకున చేరితే జీతం పడేది వచ్చే నెల ఏడున. ఈ మధ్యలో నల్ల బూట్లు కొనాలి, పని మాన్పించి కూతురిని పంపిన రోజుకూలీ ఇంట్లో పొయ్యి వెలగాలి. అందుకే లేబర్ అడ్డా వదిలిపెట్టడం కష్టం. అక్కడ సాయంత్రానికే చేతిలో డబ్బు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనలో ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నాళ్ళపాటు నెలకి 1,000 రూపాయలు ఇవ్వాలని పెట్టారు. మూడు నెలలు పనిలో నిలిస్తేనే ప్లేస్‌మెంట్ కింద లెక్క. ఆ నిబంధన రాసినవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా బస్సెక్కి ఉంటారు. అది పల్లె పిల్లల పథకం, మా బస్తీలకి రాదు. మేమే ఆఫీసులో తలా కొంత వేసుకుని ఒక డబ్బా పెట్టాం. రెండు వేలు చేబదులు, రెండో జీతంలో తిరిగివ్వాలి. ఎగ్గొట్టినవాళ్ళున్నారు. డబ్బా మాత్రం ఇంతవరకూ ఖాళీ కాలేదు.

కాగితాల గొడవ చెప్పుకుంటే తెల్లారుతుంది. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు. పీఎఫ్ నంబరు అతుక్కోదు. మీసేవ చుట్టూ నాలుగుసార్లు తిరిగేలోగా ఆ ఖాళీలో ఇంకొకరు చేరిపోతారు.

వీటన్నిటికీ మందుంది. ‘ఏ ఏరియా పిల్లలు మేడమ్?’ అనే ప్రశ్నకి లేదు. హెచ్‌ఆర్ కుర్రాడు ఫోన్‌లో మామూలుగానే అడుగుతాడు. బస్తీ పేరు చెప్పగానే ఒక్క క్షణం గొంతు ఆగుతుంది. కొన్నాళ్ళు ఏరియా పేరే చెప్పి చూశాను. ఇప్పుడు ‘మీ షాపుకి నలభై నిమిషాల దూరంలో ఉండే పిల్లలు సార్’ అంటాను. ఒకమ్మాయి బిల్లింగ్‌లో మా బ్యాచ్ మొత్తానికీ ఫస్ట్. ఒక మందుల దుకాణంలో అన్నీ కుదిరాక, మేనేజరు ఆమె బురఖా చూసి, నాకు మాత్రమే వినపడేలా ‘కస్టమర్లు ఏమనుకుంటారో’ అన్నాడు. గంటసేపు వాదించాను. మూడు రోజుల తర్వాత ఖాళీ నిండిపోయిందని మెసేజ్ పెట్టాడు. ఇప్పుడామె మలక్‌పేటలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిపోర్టులు టైపు చేస్తోంది. అక్కడి డాక్టరమ్మ అడిగినవి రెండే ప్రశ్నలు. టైపింగ్ స్పీడెంత, పొద్దున ఏడింటికి రాగలవా? ఈ ముచ్చట మీటింగుల్లో సక్సెస్ స్టోరీగా చెప్పమంటారు, చెప్పను. మొదటి దుకాణంలో జీతం మూడు వేలు ఎక్కువ.

మేనేజర్లు మారరని కాదు. ఒక సూపర్‌మార్కెట్‌లో మధ్యవయసు మేనేజరు నా నోటుబుక్కు చూసి, దూరం నుంచి వచ్చే నలుగురికి ముగింపు స్టాకు పని తీసేసి, పొద్దున సరుకు దింపుకునే పని ఇచ్చాడు. వాళ్ళు రాత్రి ఎనిమిదిన్నరకే బయటపడతారు. ఖర్చు ఒక్క రూపాయి లేదు. ఆ నలుగురూ ఏడాది దాటినా అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు కొత్తవాళ్ళకి షిఫ్టులు వేస్తోంది. మొన్న ఫోన్ చేసి, “మేడమ్, బోరబండకు ఆఖరి బస్సు ఎన్నింటికి?” అని అడిగింది.

నిన్న సాయంత్రం ఒక కొత్త మాల్ నుంచి ఫోనొచ్చింది. రెండో షిఫ్టుకి ఆరుగురు అమ్మాయిలు కావాలట, అర్జెంటట.

“షిఫ్టు ఎన్నింటికి వదులుతారు సార్?”

“తొమ్మిదిన్నరకి మేడమ్. ఒక్కోసారి పదవుతుంది.”

నోటుబుక్కు తీసి, పెన్ను క్యాప్ పళ్ళతో లాగాను. “ఆ ఒక్కోసారి వారానికి ఎన్నిసార్లో చెప్పండి సార్, రాసుకుంటాను.”