తిరుత్తణి కొండ – ఇంటి చారు

ప్రతి సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి తిరుత్తణి కొండపై మెట్ల పండుగ జరుగును. ఏటి దినములవలె మెట్లును 365. ఈ పర్యాయము మేమును మనుమలతో ఎక్కి, మంచుగాలికి వణకి, ఉదయపు రైలులో పట్టాభిరాము చేరితిమి.

ఇంట మిరియాలు, జీలకఱ్ఱ దంచి కాచిన చారు సిద్ధముగా నుండెను. గ్లాసెడు త్రాగగానే ప్రాణము లేచివచ్చెను.

“ఇంకొంచెము రసం” అనెను మనుమడు. “చారు అనవలె నాయనా!” అని వాని నాయనమ్మ దిద్దెను.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. 2006 నాటి చట్టముచే బడులలో తమిళము తప్పనిసరియైనది. పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. తెలుగునకు మిగిలిన బడి మన వంటిల్లు. అచ్చటి పాఠము మానకుందము.