మట్టి మందం ఎంత?

బెంగుళూరు నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని వెళ్తే, చిక్కబళ్ళాపురం దాటాక బస్సులో మాటలు మెల్లగా మారిపోతాయి. బోర్డుల మీద కన్నడం, నోళ్ళలో తెలుగు. సుమారు నూరు కిలోమీటర్లు పోయి బాగేపల్లిలో దిగేసరికి "ఎప్పుడొస్తివప్పా?" అన్న పలకరింపే. 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరిన బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇంటి భాష చాలామందికి తెలుగే. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన కైవారం తాతయ్యగారి ఊరు కూడా చింతామణి దగ్గరే.

ఈసారి నేను వెళ్ళింది మాత్రం గుళ్ళు చూడడానికి కాదు, కొలిమి కోసం.

సంగతేమిటంటే, మావాడికి ఇనుము కాల్చి సాగగొట్టాలని సరదా పుట్టింది. ఒక పాత చెక్కపెట్టెలో మట్టి మెత్తి, గాలికి గొట్టం దూర్చి, తండ్రీకొడుకులం కొలిమి తయారుచేశాం. సాయంత్రం ఒక మేకును ఎర్రగా కాల్చి వంచి మురిసిపోయాం. బొగ్గుల మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి పడుకున్నాం. అర్ధరాత్రి మా ఆవిడ "ఏదో కమురు వాసన" అంటూ లేపింది. వెళ్ళి చూస్తే పెట్టె అడుగు చెక్క మంట లేకుండా లోలోపలే రాజుకుంటోంది. రెండడుగుల దూరంలో పెట్రోలు పోసిన స్కూటరు! ఆ రాత్రి మళ్ళీ నిద్ర పట్టలేదు.

బాగేపల్లి నుంచి చేలూరు మీదుగా చింతామణి వెళ్ళే దారిలో మా మేనమామగారి పల్లె ఉంది. అక్కడ వేపచెట్టు కింద కొట్టంలో కమ్మరి తాత ఇంకా కొలిమి రాజేస్తూనే ఉన్నాడు. ట్రాక్టర్లు వచ్చాక నాగలి కర్రుల పని తగ్గింది గానీ కొడవళ్ళు, గొడ్డళ్ళు, గడ్డపారలు పదునుకు వస్తూనే ఉంటాయట.

నా కథ విని తాత నవ్వలేదు. "మట్టి ఎంత మందం వేస్తివి?" అన్నాడు. రెండు వేళ్ళు చూపించాను. "అదీ సంగతి. కట్టెకు మంటే తగలాలని లేదప్పా, వేడి దిగితే చాలు."

నిజమే. ఇనుము బాగా సాగాలంటే వేడి దాదాపు 1,000 డిగ్రీలు ఉండాలి. కట్టె 300 డిగ్రీల లోపే బొగ్గవడం మొదలవుతుంది. ఈ రెండింటికీ నడుమ అడ్డం మట్టి ఒక్కటే.

"నేల కొలిమే నయం. పెట్టెలోనే కావాలంటే విను," అని తాత చెప్పుకొచ్చాడు. పుట్టమన్నులో ఇసుక, కొంచెం ఊక కలిపి బాగా తొక్కాలి. అడుగున జానెడు, పక్కల రెండు బెత్తెలకు తగ్గకూడదు. గాలి గొట్టం చెక్కకు ఎక్కడా తగలకుండా మట్టిలోంచే రావాలి. జీఐ పైపు మాత్రం వద్దు. దాని పూత కాలితే వచ్చే పొగ మనిషిని పడుకోబెడుతుంది. మట్టిని నీడలో నిదానంగా ఆరనివ్వాలి. తర్వాత రెండు మూడు రోజులు చిన్న మంటలే వెయ్యాలి. తడి మట్టికి ఒక్కసారిగా మంట పెడితే ఆవిరి పుట్టి పెచ్చులు ఎగిరిపడతాయి. పగుళ్ళు కనిపిస్తే మళ్ళీ మెత్తాలి. పెట్టెను నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. పని చేస్తున్నంతసేపూ మధ్యమధ్య అడుగున చెయ్యి పెట్టి చూడాలి. "చెయ్యి ఓర్చుకోలేకపోతే పని ఆపెయ్. పని అయినాక నిప్పులన్నీ బయటికి లాగి ఆర్పాల. కొలిమిలో నిప్పు పెట్టి నిద్రపోరాదు."

అన్నట్టు, బొగ్గుల నుంచి వాసన లేని విషవాయువు వస్తుంది కనుక మూసిన గదిలో కొలిమి పెట్టనే కూడదు. ఒంటిమీద నూలుబట్టలు, పక్కన బకెట్టు నీళ్ళు, ఇసుక ఉండి తీరాలి.

వచ్చేటప్పుడు డబ్బు ఇవ్వబోతే తాత తీసుకోలేదు. "సెలవల్లో పిల్లోడిని తోలుకొని రా. ఇక్కడ నేర్చుకునేటోళ్ళు లేరు," అన్నాడు. ఆయన ఇద్దరు కొడుకులూ బెంగుళూరులోనే ఉద్యోగాలు చేసుకుంటున్నారట.

మొన్న వేసవిలో మావాడు పది రోజులు అక్కడే ఉండి వచ్చాడు. కన్నడం బడిలో చదివే వాడికి "కులుమె" తెలుసు. ఇప్పుడు "కొలిమి", "తిత్తి", "పటకారు" కూడా వచ్చాయి. మా పెరట్లో కొత్త పెట్టె తయారైంది. సుత్తి ఎత్తే ముందు వాడు చేసే మొదటి పని, వంగి పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూడడం.