తుప్పు రేకును దేనితో కోయవలెను?

కారు తలుపు క్రింద రంగు చిన్న చిన్న పొక్కులుగా లేచినప్పుడు మనలో అనేకులు దానిని గోటితో గిల్లి, పైన కొంచెము రంగు పూసి ఊరకుందురు. ప్రియ చదువరులారా, ఆ పొక్కు వ్యాధి కాదు, వ్యాధి బయటికి వచ్చిన చోటు మాత్రమే. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటె ఎక్కువ స్థలము ఆక్రమించును. ఆ ఉబ్బే రంగును పైకి లేపును. పైన రూపాయి బిళ్లంత మచ్చ కనబడినచోట లోపల అరచేయంత రేకు పోయియుండవచ్చును.

మాది కాకినాడ దిగువన సముద్రపు గాలి తగులు ఊరు. ఇచ్చట ఉప్పుగాలికి తలుపు గడియలే నిలువవు, ఇక కారు మాట చెప్పనేల? నా యొద్ద పాత అంబాసిడరు ఒకటి కలదు. ఆ బండ్ల తయారీ 2014లో నిలిచిపోయెను గాని, ఇది మాత్రము ఇంకను తిరుగుచున్నది. 108 బండి రాక ఆలస్యమైన రాత్రులలో నొప్పులు పడుచున్న స్త్రీలను రెండు మూడు మారులు ఇందులోనే ఆసుపత్రికి చేర్చితిమి. అందుచేత దీని బలము మా వీధి అంతటికిని సంబంధించిన సంగతి.

గడచిన వానకాలము తరువాత చక్రము మార్చుటకు జాకీ పెట్టగా బండి లేవలేదు. జాకీయే తలుపుల క్రింది గడపలోనికి దిగిపోయెను. ఈ బండికి లారీకి ఉన్నట్లు వేరుగా చట్రము లేదు. రేకులను మడిచి అతికించిన పెట్టెలే దాని ఎముకలు. ఆ గడప పుచ్చినయెడల ప్రక్కనుండి ఏదైన గుద్దినప్పుడు లోపలివారిని కాచునది చాల తగ్గును.

మొదట చూపిన షెడ్డు పేరు చెప్పను. అక్కడివాడు గ్యాసు గొట్టము చేతబట్టి, “అరగంటలో ఊడగొట్టేస్తానండి” అనెను. నేను బండిని వెనుకకు త్రిప్పుకొని వచ్చితిని. ఒక మిల్లీమీటరు కూడ లేని రేకుపై ఆ మంట పెట్టినయెడల చుట్టుప్రక్కల మంచి రేకు సైతము అలలుగా వంకరపోవును. చేయి దూరని పెట్టె లోపలి రంగు మాడిపోవును. మాడినచోట మరల తుప్పు మొదలగును.

రెండవచోట టింకరింగ్ మేస్త్రి వృద్ధుడు. ఆయన ఏ కోత పనిముట్టును ముందు తీయలేదు. చిన్న సుత్తి, దబ్బనము తీసికొని నేలమీద పరుండెను. సుత్తితో తట్టుచు పోయెను. మంచి రేకు ఖంగున మ్రోగును, పుచ్చినది బొద్దుగా పలుకును. అనుమానమైనచోట దబ్బనముతో పొడిచెను. ఒకచోట అది వెన్నలోనికి దిగినట్లు దిగెను. పిదప మంచి రేకు తగిలిన చోటికి ఇంకొక అంగుళము అవతల సుద్దతో గీత గీసెను.

“అంత దూరమెందుకు మేస్త్రీ?” అని అడిగితిని.

“పలచబడ్డ రేకుకి వెల్డింగ్ పెడితే కాగితంలా చిల్లు పడుతుంది మేష్టారూ. అతుకు అతుక్కునేది మంచి రేకుకే కదా,” అనెను.

ఇక పనిముట్ల సంగతి. ఆయన వాటిని వేగమునుబట్టి ఎన్నలేదు. రేకు వెనుక ఏమున్నదో దానినిబట్టి ఎన్నెను. ఇదే నాకు సరియైన పద్ధతి అని తోచుచున్నది. వెనుక ఏమియు లేని తిన్నని గీతకు నాలుగంగుళముల గ్రైండరు, ఒక మిల్లీమీటరు మందముగల బిళ్ల. వెనుక లోపలి రేకు ఉన్నచోట గ్రైండరు ఆగదు, దానినికూడ కోసివేయును. అక్కడ అంగుళమునకు 32 పండ్లుగల హాక్సా బ్లేడును ఏటవాలుగా పట్టి చేతితో కోసెను. నిలువుగా పట్టినయెడల పలుచని రేకు పండ్ల నడుమ చిక్కి పండ్లు విరుగును. వంపులకు రేకు కత్తెర. ఎఱ్ఱ పిడిది ఎడమకు, ఆకుపచ్చ పిడిది కుడికి తిరుగునట్లు కోయును. కత్తెర అంచును కొంచెము వంచును గాని నిప్పురవ్వ రాల్చదు. రెండు రేకులు చుక్కలుగా అతికినచోట 8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో పై రేకును మాత్రమే తొలిచి, అప్పుడు పలుచని ఉలిని చొప్పించి విడదీసెను. ఉలితోనే మొదలుపెట్టువారు రేకును చించుదురు, కోయరు.

గ్రైండరు విషయమై ఆయన మిక్కిలి కఠినుడు. పని నేర్చుకొనుచున్న యువకుడు కవచము తీసివేసి బిళ్ల తగిలించబోగా చేతిలోనిది లాగుకొనెను. “ఒరేయ్, కళ్ళు రెండే ఉన్నాయిరా!” అనెను. నాలుగంగుళముల బిళ్లమీద సాధారణముగా నిమిషమునకు 15,300 చుట్లు అని హద్దు ముద్రించియుండును. యంత్రపు వేగము దానిని మించరాదు. నడిమి ఇనుప వలయముమీద గడువు తేదీ ఉండును. తేమ తగిలిన పాత బిళ్ల పగిలి ముక్కలై ఎగురును. అంత సన్నని బిళ్లతో అంచులను అరగదీయుటయు కూడదు, అది కోయుటకు మాత్రమే.

కోతకు ముందే ఆయన బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు తొట్టిని ఊడదీయించి షెడ్డుకు దూరముగా పెట్టించెను. తొట్టి ఖాళీయే గదా అని కొందరందురు. నిండు తొట్టికంటె ఆవిరి నిండిన ఖాళీ తొట్టియే భయంకరము. అద్దములపై తడి గోనె కప్పెను, ఏలయనగా ఆ రవ్వలు అద్దములో నాటుకొని మరి రావు. తలుపు ఖాళీలో ఒక ఇనుప గొట్టమును అడ్డముగా బిగించెను. లేనియెడల గడప కోసిన బండి నడుమ క్రుంగి, తరువాత తలుపు మూతపడదు. ఈ ఏర్పాట్లకే ఉదయమంతయు గడిచెను. కోతకు పట్టినది గంటన్నర మాత్రమే.

కోసిన ముక్కను నాకు చూపెను. లోపల గట్టిపడిన మట్టి, కుళ్లిన ఆకులు.

“నీళ్ళు పోయే చిల్లులు మూసుకుపోయాయి మేష్టారూ. పైనుంచి ఎన్ని రంగులు వేసినా లోపల చెరువే.”

కొత్త రేకు అతికించుటకు ముందే ఆయన అందులో క్రిందివైపున మూడు చిల్లులు తొలిచెను. నేను ఒక చీపురుపుల్ల తీసికొని బండికి అవతలివైపున వంగి, ఆ గడప చిల్లులలో పొడిచి చూచితిని. మొదటి రెండిటినుండి మట్టి రాలెను. మూడవదానినుండి నల్లని నీరు ధారగా కారెను.