వేసవిలో తేలే గుడి

ఎండలు ముదిరి శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గుతుంటే, నంద్యాల జిల్లా సంగమేశ్వరంలో ముందుగా తేలేది గుడి శిఖరం. తర్వాత గోడలు, చివరికి బురద మేట వేసిన ముంగిలి.

తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలప్రభ, భవనాశి... ఏడు నదులు కలిసే చోటంటారు దీన్ని. ఆరూ ఆడ పేర్లే, భవనాశి ఒక్కడే మగ నది! ఇక్కడ శివుడు రాయి కాదు, వేప మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అదెలా ఉన్నా, నెలల తరబడి నీళ్లలో నానే ఆ కొయ్య ఇంకా పూజలందుకుంటూనే ఉంది.

శ్రీశైలం ప్రాజెక్టు కింద నూరుకు పైగా గ్రామాలు మునిగాయి. ఇక్కడి పాత ఊరూ వాటిలో ఒకటి. 1980ల మొదట్లో నీట మునిగిన గుడి మళ్లీ బయటపడింది 2003లోనే. జలాశయం నిండుమట్టం 885 అడుగులు. 840 దరిదాపులకు దిగితే తప్ప దారి దొరకదు.

నిర్వాసితులకు సొంతూరి నేల మీద నిలబడే అవకాశం ఆ కొద్ది నెలలే. చూద్దామంటే ఇళ్లు లేవు, గుడి ఒక్కటే ఆనవాలు.

వానాకాలం కృష్ణమ్మ పోటెత్తగానే పూజారి పడవెక్కి, మునుగుతున్న శిఖరానికే హారతిచ్చి వస్తారు. మళ్లీ వేసవి దాకా పూజలు ఒడ్డుమీది ఎగువ ఆలయంలోనే.