పైకప్పు విప్పిన నలుగురు



మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చాలా ఇళ్లకు ఇంటర్నెట్ ఫోన్ దారినే వచ్చింది. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2018లో బటన్లుండే జియోఫోన్‌లోకి కూడా వాట్సాప్ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో మందిరాలు మూసినప్పుడు వాక్యం, పాట, ప్రార్థన విన్నపం అన్నీ ఆ చిన్న తెర మీదికే చేరాయి. అందుకు దేవునికి స్తోత్రం.

అయితే యాప్‌ల రూపం మారుతూనే ఉంటుంది. 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ పైభాగాన ఉండే చాట్స్, కాల్స్ వరుస కిందికి దిగింది. ఫోన్లు పెద్దవయ్యాయి గనుక ఒంటి చేత్తో పట్టుకున్నా బొటనవేలికి అందేలా ఇట్లాంటి మార్పులు చేస్తారు. పిల్లలకు అది సుళువే. చదువు రాని మన పెద్దలు మాత్రం ఫోన్‌ను చోటుతో, రంగుతో గుర్తుపెట్టుకుంటారు. చోటు మారితే వారికి దారి తప్పుతుంది.

ప్రార్థన విన్నపాలు పంపుకునే మరో యాప్ ఇలాగే మారినప్పుడు ఒక వృద్ధ తల్లి మమ్మల్ని అడిగింది: "నన్ను సంఘంల నుంచి తీసేసిన్రా అయ్యగారు?" ఆమెను ఎవరూ తీసేయలేదు. గ్రూపు ఫోన్‌లోనే ఉంది, ఆమెకు కనబడటం లేదు అంతే. మోకాళ్ల నొప్పితో ఇల్లు కదలలేని ఆ తల్లికి ఆ గ్రూపే మందిరం.

మార్కు సువార్త 2వ అధ్యాయం చూడండి. కపెర్నహూములో ఇల్లు కిక్కిరిసింది. పక్షవాయువు గల మనిషికి ద్వారం దగ్గర దారి దొరకలేదు. మోసుకొచ్చిన నలుగురు వెనక్కి తిరగలేదు. పైకప్పు విప్పి పరుపుతో సహా అతణ్ణి దించారు. ప్రభువు వారి విశ్వాసం చూశాడు.

యాప్‌ల రూపం మన చేతిలో లేదు. మోసే పని మన చేతిలో ఉంది. యౌవనస్థులారా, ఫోన్ అప్‌డేట్ అయిన వారమే మీ ఇంట్లో, పక్కింట్లో పెద్దవారి దగ్గర పది నిమిషాలు కూర్చోండి. ఫోన్ లాక్కోకుండా వారి వేలితోనే నొక్కించండి. సంఘం గ్రూపును అన్నిటికంటే పైన పిన్ చేయండి. రాయలేనివారికి మైకు గుర్తు నొక్కి మాట్లాడటం నేర్పండి. మరణవార్త గానీ కూటం వేళ గానీ గ్రూపులో పెట్టి ఊరుకోకుండా, గడప దాకా వెళ్లి చెప్పండి.

ప్రార్థన: ప్రభువా, ద్వారం దొరకని వారిని నీ యొద్దకు మోసే భుజాలు మాకు దయచేయుము. ఆమేన్.